అవుటర్‌లో ఆగే బండి: బెజవాడ జంక్షన్‌లో ముడి ఎక్కడుంది?

కొండపల్లి దాటేసరికి పెట్టెలో సందడి మొదలవుతుంది. సీట్ల కింది సంచులు పైకొస్తాయి, నిద్రపోతున్న పిల్లల్ని లేపుతారు, తలుపు దగ్గర వరుస కడతారు. రాయనపాడు వచ్చేసరికి విజయవాడ స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర బండి నెమ్మదించి ఆగిపోతుంది. ‘అవుటర్‌లో పెట్టేశాడు’ అని ఎవరో విసుక్కుంటారు. విశాఖ వైపు నుంచి వచ్చేవారికి ఇదే అనుభవం గుణదల దగ్గర, మద్రాసు వైపు నుంచి వచ్చేవారికి కృష్ణా కెనాల్ దగ్గర ఎదురవుతుంది. పది ప్లాట్‌ఫారాలున్న విజయవాడ జంక్షన్‌లో ఒక్కటైనా ఖాళీ లేదా అని అడగడం న్యాయమే. జవాబు మాత్రం ప్లాట్‌ఫారాల లెక్కలో దొరకదు. దానికోసం ఈ ఊరి నేలను, స్టేషన్ రెండు కొసలను చూడాలి.

నది చూపిన చోటు

కృష్ణానది ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ నడుమ ఇరుకుగా పారుతుంది. అది దాటితే డెల్టా విప్పారుతుంది. నదిని కట్టడానికైనా దాటడానికైనా ఇంతకన్నా అనువైన చోటు దగ్గర్లో లేదు. అందుకే 1850ల్లో ఆనకట్ట ఇక్కడే కట్టారు. రైలు వంతెనకూ ఆ పరిసరాలనే ఎంచుకున్నారు.

1889లో నిజాం రైల్వే సికింద్రాబాద్ నుంచి బెజవాడకు, అంటే నేటి విజయవాడకు, చేరింది. గుంటూరు వైపు నుంచి మీటర్ గేజ్ లైను వచ్చింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పూర్తయింది. అదే దశాబ్దంలో ఈస్ట్ కోస్ట్ రైల్వే విశాఖ వైపు లైను వేసింది. 1899లో మద్రాసుతో బ్రాడ్ గేజ్ కలిసింది. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తవడంతో ఢిల్లీ–మద్రాసు బండ్లకు నేరుగా దారి దొరికింది. ఎవరి అవసరానికి వాళ్లు వేసుకున్న లైన్లు ఇలా ఒకే ఊళ్లో కలిశాయి. నేటి హౌరా–చెన్నై, ఢిల్లీ–చెన్నై మార్గాలు రెండూ కలిసేది ఇక్కడే.

రెండు కొసల లెక్క

విజయవాడ నుంచి అయిదు దిక్కులకు దారులున్నాయి. ఉత్తరపు కొసన మూడు: కాజీపేట వైపు, విశాఖ వైపు, గుడివాడ–బందరు వైపు. దక్షిణపు కొసన రెండు: చెన్నై వైపు, గుంటూరు వైపు. దక్షిణానికి వెళ్లే బండ్లన్నీ ముందు కృష్ణ దాటాలి. కృష్ణా కెనాల్ జంక్షన్ దాకా కలిసి వెళ్లి, ఆ తర్వాతే తెనాలి దారి, గుంటూరు దారి విడిపోతాయి.

పది గదుల ఇంటికి ముందొక గుమ్మం, వెనకొక గుమ్మం ఉంటే లోపల ఎన్ని గదులున్నా రాకపోకలు ఆ గుమ్మాల వెడల్పును బట్టే సాగుతాయి. స్టేషన్‌లో ఆ గుమ్మాలంటే ప్లాట్‌ఫారాల పట్టాలన్నీ బండిని ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే పాయింట్ల ద్వారా అల్లుకుని నాలుగైదు లైన్లుగా కుదించుకుపోయే భాగాలు. ఒక బండికి దారి ఇవ్వాలంటే అది వెళ్లే బాటలోని పాయింట్లన్నీ సరిచేసి, బిగించి, ఆ బాటను అడ్డంగా కోసే బండ్లన్నిటికీ ఎర్ర సిగ్నల్ వేయాలి. ఇంటర్‌లాకింగ్ వ్యవస్థ చేసే పని అదే. ఒకదానికొకటి అడ్డొచ్చే రెండు బాటలకు ఒకేసారి పచ్చ సిగ్నల్ పడనివ్వదు. కాబట్టి అయిదో నంబరు ప్లాట్‌ఫారం ఖాళీగా కళ్లెదుటే ఉన్నా, అక్కడికి చేరే దారిలో మరో బండి పోతుంటే మీ బండి అవుటర్‌లో ఆగాల్సిందే. ఆ ఆగడం మన ప్రాణానికి రక్షణ.

ఇంజన్ మారే బండ్లు

హైదరాబాద్ నుంచి కాజీపేట మీదుగా విశాఖ వెళ్లే గోదావరి ఎక్స్‌ప్రెస్‌ను తీసుకోండి. వచ్చేది ఉత్తరపు కొస నుంచే, వెళ్లేదీ ఉత్తరపు కొస నుంచే. అంటే విజయవాడలో బండి ముఖం తిరగాలి. వచ్చిన ఇంజన్‌ను విప్పాలి, రెండో చివర మరో ఇంజన్ తగిలించాలి, బ్రేకులు చివరి పెట్టె దాకా పనిచేస్తున్నాయో లేదో చూడాలి. అంతసేపూ ప్లాట్‌ఫారం ఆ ఒక్క బండికే. పైగా విప్పిన ఇంజన్, తగిలించే ఇంజన్ తిరగడానికీ బాటలు కావాలి. ఢిల్లీ–చెన్నై బండి ఒక్కో కొసను ఒక్కసారి దాటి పోతే, ఇలాంటి బండి ఒకే కొసను రెండుసార్లు వాడుకుంటుంది. గుంటూరు మీదుగా విశాఖ వెళ్లే బండికి ఈ బాధ లేదు. అది దక్షిణం నుంచి వచ్చి ఉత్తరానికి పోతుంది.

2023 జనవరిలో మొదలైన సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ కూడా ఇక్కడ దిశ మార్చుకుంటుంది. దానికి రెండు చివర్లా డ్రైవర్ క్యాబిన్ ఉంది కాబట్టి ఇంజన్ మార్చే పని ఉండదు.

ఈ ఆలస్యాలకు టైమ్ టేబుల్లోనే కొంత చోటిస్తారు. పెద్ద స్టేషన్‌కు ముందు అదనపు నిమిషాలు కలుపుతారు. అందుకే అంతవరకు ఆలస్యంగా నడిచిన బండి విజయవాడకు వేళకే చేరిందనిపించుకుంటుంది. వేళకు ముందే వచ్చిన బండి మాత్రం అవుటర్‌లో ఎదురుచూస్తుంది.

విస్తరించే చోటేదీ?

స్టేషన్‌కు పడమర వన్‌టౌన్, కాళేశ్వరరావు మార్కెట్, ఇంద్రకీలాద్రి. తూర్పున గాంధీనగర్, గవర్నర్‌పేట. ఊరి మధ్యగా డెల్టా కాలువలు. దక్షిణాన నది. రైల్వే స్టేషన్, బస్టాండు దగ్గరదగ్గరగా ఉండబట్టే ఈ చుట్టుపక్కల టోకు బజారు, సినిమా పంపిణీ ఆఫీసులు, ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాలు, లాడ్జీలు, మెస్సులు పెరిగాయి. ఊరిని పెంచిన రైలు చుట్టూ ఊరే కమ్ముకుంది. సత్యనారాయణపురం మీదుగా పోయిన పాత రైలు కట్ట ఇవాళ బీఆర్‌టీఎస్ రోడ్డు. పట్టాలు ఖాళీ చేసిన చోటును ఊరు వాడుకుంది. ఊరు ఖాళీ చేసి పట్టాలకు ఇవ్వగల చోటు ఇక లేదు.

ఈ ముడి ఎంత దూరం లాగుతుందో 2024 సెప్టెంబరు మొదట్లో చూశాం. బుడమేరు వాగు పొంగి రాయనపాడు స్టేషన్ నీట మునిగింది, కాజీపేట దారిలోని కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఉత్తరాదికీ దక్షిణాదికీ మధ్య నడిచే బండ్లు ఎక్కడివక్కడ ఆగాయి, రద్దయ్యాయి, చుట్టుదారి పట్టాయి.

ముడి సడలాలంటే గుమ్మం దగ్గర రద్దీ తగ్గాలి. స్టేషన్‌లో పనిలేని గూడ్స్ బండ్లు బయటి నుంచే పోవాలి. అడ్డంగా కోసుకునే బాటల్ని వంతెనల మీదుగా వేరుచేయాలి. కొన్ని ప్రయాణికుల బండ్లను రాయనపాడు నుంచి గుణదలకు తిప్పే దారిలో పంపవచ్చు. విజయవాడలో పనులు జరిగినప్పుడు ఇలా పంపిన అనుభవం ఉంది. అలా చేస్తే ఇంజన్ మార్పూ తప్పుతుంది.

అయితే రాత్రి పదకొండింటికి రాయనపాడులో దిగిన ముసలామె సంగతి ఏమిటి? విజయవాడ స్టేషన్ విలువ పట్టాల్లో ఎంతుందో, బయటికి రాగానే దొరికే సిటీ బస్సులో, దగ్గర్లోని బస్టాండులో, పెద్దాసుపత్రికి వెళ్లే ఆటోలో అంతే ఉంది. బండిని ఊరి చివరికి తరలించి ఈ సౌకర్యాన్ని తరలించకపోతే రైల్వేకు మిగిలిన సమయం ప్రయాణికుడి జేబులోంచి ఆటో చార్జీగా పోతుంది. అందుకే బండ్ల మళ్లింపు, సిటీ బస్సుల వేళలు ఒకే ఉత్తర్వులో రావాలి. రైల్వే, ఆర్టీసీ, నగరపాలక సంస్థ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఆ లెక్క వేయాలి. కొత్త స్టేషన్ ప్రకటన వచ్చిన ప్రతిసారీ మనం అడగాల్సింది ఎన్ని ప్లాట్‌ఫారాలని ఒక్కటే కాదు. చివరి బండి దిగినవారికి చివరి బస్సు ఎన్ని గంటలకని కూడా అడగాలి.