లక్కపిడతల్లో రెండు ఆకుపచ్చలు

మక్తల్‌లో ఉండి మీరు ఏటికొప్పాక లక్కపిడతలు రెండు సెట్లు, ఏడాది తేడాతో తెప్పించుకున్నారనుకుందాం. పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదాని ఆకుపచ్చ చిలకలా ఉంది, రెండోది నీలంవైపు తిరిగింది. నకిలీ అంటగట్టారేమో అని వెంటనే అనుమానం వస్తుంది. ఆ తొందర వద్దు. నారాయణపేట చీరల నూలు కూడా ఒక విడత అద్దకంలో ఉన్నట్టు మరో విడతలో ఉండదు కదా!

ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడ అంకుడు కర్రను లేత్ మీద తిప్పి బొమ్మ తీస్తారు. లక్కను వేడిచేసి, రంగు కలిపి, కడ్డీలుగా చేసుకుంటారు. తిరుగుతున్న కర్రకు ఆ కడ్డీని ఒత్తితే రాపిడి వేడికే లక్క కరిగి పూతలా పరుచుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది.

రసాయన రంగులు రాజ్యమేలుతున్న కాలంలో మొక్కల రంగులను మళ్లీ ఈ పనిలోకి తెచ్చిన వారిలో సి.వి. రాజు ముఖ్యులు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పసుపు నుంచి పసుపురంగు, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలిమందు నుంచి నీలం. పసుపూ నీలీ కలిస్తే ఆకుపచ్చ.

చిక్కంతా ఈ ఆకుపచ్చలోనే ఉంది. ఎండ తగిలితే పసుపు త్వరగా వెలిసిపోతుంది, నీలిమందు మాత్రం చాలాకాలం నిలబడుతుంది. అందుకే కిటికీ పక్కన పెట్టిన బొమ్మ ఏళ్లు గడిచేకొద్దీ నీలమెక్కుతుంది. బొమ్మను తిరగేసి అడుగు చూడండి, వెలుతురు తగలని చోట అసలు రంగు దొరుకుతుంది. అడుగూ పైభాగమూ ఒకేలా ఉంటే రెండు సెట్ల మధ్య తేడా చాలావరకు తయారీలోనే వచ్చింది. లక్కకే సహజంగా తేనెరంగు ఉంటుంది, వేడి ఎక్కువైతే ఇంకా ముదురుతుంది. ఆ ఛాయ పైరంగులోకీ దిగుతుంది. నా దృష్టిలో అది లోపం కాదు, చేతిపని ఆనవాలు.

అనుమానించాల్సింది తర్వాత ఎవరో పెయింటు వేసిన బొమ్మను. లక్క పూతలో రంగు మారే చోట గీత గుండ్రంగా, తేటగా ఉంటుంది. పెయింటు వేస్తే బ్రష్ చారలు కనిపిస్తాయి, గాడుల్లో రంగు పేరుకుంటుంది. కొండపల్లి బొమ్మలకు ఈ పరీక్ష పనికిరాదు. అవి తెల్లపొణికి కర్రతో చెక్కి, కుంచెతోనే రంగులేసేవి.

మన వైపు వేసవి ఎండ నేరుగా పడే అరలో లక్క బొమ్మలు పెట్టకండి. దుమ్ము పొడిగుడ్డతో తుడవండి. స్పిరిటూ శానిటైజరూ మాత్రం దగ్గరికి రానీయవద్దు, ఆల్కహాల్‌లో లక్క కరిగి రంగు గుడ్డకు అంటుకొస్తుంది.