లప్పం గీకితే కనిపించేది

పాత బండి చూడటానికి వచ్చినవాళ్ళు ముందు ఇంజిన్ స్టార్ట్ చేయమంటారు. నేను జేబులోంచి అయస్కాంతం తీస్తాను. ఇంజిన్ మొరాయిస్తే మెకానిక్ దొరుకుతాడు. చంద్రపూర్ జిల్లాలోని మా జివతిలో కాకపోతే ఘాట్ దిగి గడ్‌చాందూర్‌లో, అక్కడా కాదంటే రాజూరాలో. రేకు పోతే అంత తేలిగ్గా తేలదు. అందుకే తలుపుల మీదా, క్యాబిన్ మూలల మీదా, చక్రాల పైన వంపుల మీదా అయస్కాంతం ఆనించుకుంటూ పోతాను. టక్కున అతుక్కుంటే కింద ఇనుము ఉన్నట్టు. జారిందంటే మనం చూస్తున్నది రంగు, దాని కింద లప్పం. అంతకు మించి ఏమీ లేకపోనూ వచ్చు.

మా వాకిట్లో వేపచెట్టు కింద ఉన్న మహీంద్రా ఎఫ్‌సీ పికప్‌కి ఎడమవైపు మూలన అయస్కాంతం అసలు నిలవలేదు. ఉలితో తడితే లప్పం వేలు మందాన పెచ్చులుగా ఊడొచ్చింది. దాని వెనక తుప్పు పొడి. ఆ వెనక చెయ్యి దూరేంత కంత.

నేను సిమెంటు ఫ్యాక్టరీలో ఫ్యాబ్రికేషన్ పని చేసి రిటైరైనవాణ్ణి. మాణిక్‌గఢ్ కొండల కింద నేలంతా సున్నపురాయి కాబట్టి గడ్‌చాందూర్, ఆవార్‌పూర్, ఉప్పర్‌వాహిలలో ఫ్యాక్టరీలు వచ్చాయి, వాటి వెంట నాలాంటి వెల్డర్లూ ఫిట్టర్లూ వచ్చారు. నిజానికి తెలుగు ఇక్కడికి ఫ్యాక్టరీలతో రాలేదు. 1956 దాకా ఈ రాజూరా ప్రాంతమంతా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలోదే. రాష్ట్రాలను విడదీసినప్పుడు బొంబాయి వైపు వెళ్ళింది. ఇప్పటికీ జివతి తాలూకాలో కొన్ని ఊళ్ళు మావంటే మావని మహారాష్ట్ర, తెలంగాణ రెండూ అంటున్నాయి. అక్కడివాళ్ళకు రెండు రేషన్ కార్డులు, రెండు ఓట్లు. సంతలో గోండి, కొలామి, లంబాడీ, మరాఠీ, తెలుగు అన్నీ వినిపిస్తాయి. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు రేకును మరాఠీలో తిట్టి, నన్ను తెలుగులో ‘కాకా’ అంటాడు.

ఈ బండి సంగతి కొంచెం చెప్పాలి. అమెరికాలో విల్లీస్ కంపెనీ 1956 చివర్లో ఎఫ్‌సీ-150 అనే పికప్‌ను బయటికి తెచ్చింది. రూపం దిద్దింది బ్రూక్స్ స్టీవెన్స్ అనే డిజైనర్. సీజే-5 జీపుకున్న 81 అంగుళాల వీల్‌బేస్‌నే తీసుకుని, డ్రైవర్‌ను ఇంజిన్ మీదికి ఎక్కించాడు. దాంతో అంత పొట్టి బండికీ వెనక సరుకు వేసుకునే ఆరడుగుల డాలా దొరికింది. ముందు నుంచి చూస్తే చదునైన మొహం, పెద్ద అద్దం. ఇంజిన్ మాత్రం సీట్ల నడుమ రేకు పెట్టెలో ఉంటుంది కాబట్టి, చంద్రపూర్ ఎండాకాలంలో డ్రైవర్ తొడలు కాలాల్సిందే. అమెరికాలో అది ఎక్కువ కాలం నడవలేదు. 1960ల నడుమ అక్కడ ఆగిపోయే వేళకు ఇక్కడ మహీంద్రా వాళ్ళు అందుకున్నారు, రకరకాల మార్పులతో దశాబ్దాల పాటు తయారు చేశారు. పొట్టి బండి, ముందు బరువెక్కువ. ఖాళీగా ఘాట్ దిగేటప్పుడు బ్రేకు గట్టిగా తొక్కితే వెనక చక్రాలకు పట్టు తప్పుతుంది. ఈ బండిని మెచ్చుకునేవాళ్ళు ఆ ముక్క దాటేస్తుంటారు.

నా చేతికొచ్చేసరికి దీంట్లో పెట్రోలు ఇంజిన్ లేదు, బి-275 ట్రాక్టర్ డీజిల్ ఇంజిన్ ఉంది. ఆ ట్రాక్టర్ కోసం మహీంద్రా, ఇంటర్నేషనల్ హార్వెస్టర్, వోల్టాస్ కలిసి 1963లో కంపెనీ పెట్టాయి. తర్వాత ఆ కుటుంబానికి చెందిన డీజిల్ ఇంజిన్లు మహీంద్రా జీపుల్లోకీ వచ్చాయి. కాబట్టి పల్లె మెకానిక్ ట్రాక్టర్ గుండె తెచ్చి పికప్‌లో పెట్టాడంటే పెద్ద సాహసమేమీ కాదు.

రంగు గీకుతుంటే బండి చరిత్ర బయటపడుతుంది. పైన తెలుపు, దాని కింద నీలం, ఆ కింద బూడిదరంగు, అట్టడుగున పాత ఆకుపచ్చ. డాలా నేలలో ఒకచోట వేసిన అతుకు ఆయిల్ డ్రమ్ము ముక్క, లోపలి వైపు అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. వేసిన మేస్త్రి ఎవరో గానీ తెలివైనవాడు. రెండు వందల లీటర్ల డ్రమ్ము రేకు, జీపు బాడీ రేకు దాదాపు ఒకే మందం, 18 గేజ్ దరిదాపు. అంటే 1.2 మిల్లీమీటర్లు. అతుకును ఇత్తడి కడ్డీతో అంటించాడు. ఇత్తడి తొమ్మిది వందల డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి చుట్టూ రేకు వంకర పోలేదు. అంచులు దులిపి చూశాను, ఎక్కడా పగులు లేదు.

దాన్ని ఉంచేశాను. హైదరాబాద్ నుంచి వచ్చిన మా అల్లుడికి నచ్చలేదు.

“మామా, రెస్టోరేషన్ అంటే కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎట్లుందో అట్ల చేయాలె” అన్నాడు.

“ఇత్తడి పడ్డ చోట మళ్ళీ ఉక్కు వెల్డింగ్ పట్టదు బిడ్డా. పగులుతది. తీయాలంటే చుట్టూ నాలుగు వేళ్ళ మేర మంచి రేకు కూడా కోయాలె” అన్నాను.

అది పనివాడి జవాబు. అసలు జవాబు వేరే ఉంది. కంపెనీ చేసిన బండి ఇక్కడ కొన్నేళ్ళే నడిచింది. తర్వాత నడిచిందంతా ఆ మేస్త్రి చేసిన బండి. లప్పం దాచినదాన్ని తీసేయాలి, రేకుతో సరిచేసినదాన్ని వదిలేయాలి అన్నదే నేను పెట్టుకున్న పద్ధతి.

ఇప్పుడు ఆ కంత. ఎఫ్‌సీ క్యాబిన్ మూల రేకు బజారులో దొరకదు, చేసుకోవాల్సిందే. కుడివైపు మూల బాగుంది కాబట్టి దాని మీద అట్ట ఒత్తి, కత్తిరించి, తిరగేస్తే ఎడమ మూలకు నమూనా వస్తుంది. రేకు మాత్రం సీఆర్ (కోల్డ్ రోల్డ్) రేకే, అదీ 18 గేజ్. ఇంటి పైకప్పుకు వాడే జీఐ రేకు మిగిలింది కదా అని వాడేవాళ్ళున్నారు. దాని మీద ఉండే జింకు పూత మంటకు కాలి తెల్లటి పొగ వస్తుంది. పీలిస్తే రాత్రికి చలిజ్వరం. వంపు తేవడానికి ఇసుక నింపిన గోనెసంచీ మీద రేకు పెట్టి కొయ్య సుత్తితో కొట్టాలి, అంచు నుంచి లోపలికి, తేలిగ్గా. డాలా నేలకుండే గాడుల కోసం ఫ్యాక్టరీల్లో ప్రెస్సులుంటాయి. నేను టేకు దుంగలో గాడి తీసి, రేకును దాని మీద బిగించి, మొండి కడ్డీతో దిగగొట్టాను.

అతికేటప్పుడే అసలు పరీక్ష. ఫ్యాక్టరీలో పది, పన్నెండు మిల్లీమీటర్ల ప్లేటు మీద పని చేసిన చెయ్యి పల్చటి రేకు దగ్గర పనికిరాదు. మామూలు ఆర్క్ వెల్డింగ్ పెడితే కంత పడుతుంది. సీఓటూ వెల్డింగ్ మెషిన్ ఉంటే మేలే గానీ, సాయంత్రం మోటార్లన్నీ నడిచే వేళ మా వోల్టేజీకి అది సరిగ్గా అందుకోదు. అందుకే గ్యాస్. ఆక్సిజన్, అసిటిలిన్ కలిసిన మంట మూడు వేల డిగ్రీలు దాటుతుంది, ఉక్కు కరగడానికి దాంట్లో సగం చాలు. ఎర్రగా కాలిన చోట రేకు సాగాలని చూస్తుంది. చుట్టూ ఉన్న చల్లని రేకు సాగనివ్వదు. దాంతో ఆ చోట దళసరెక్కుతుంది. చల్లారేటప్పుడు ముడుచుకుంటూ పక్క రేకును లాగుతుంది, మొత్తం పలక కాలిన అప్పడంలా ముడుచుకుపోతుంది. ఒక కొస నుంచి మొదలుపెట్టి రెండో కొస దాకా ఆపకుండా వెల్డింగ్ లాగితే జరిగేది ఇదే.

మందు ఏమిటంటే తొందరపడకపోవడం. రెండు అంచులూ ఎదురెదురుగా ఆనించి, అంగుళానికో చుక్క చొప్పున అంటించాలి. ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర, ఒకటి నడుమ. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే తర్వాతది. అతుకు పూర్తయ్యాక లోపల డాలీ (ఇనప దిమ్మ) పట్టి, పైనుంచి సుత్తితో వెల్డింగ్ గీత మీదే కొడితే, ముడుచుకున్న రేకు తిరిగి సాగుతుంది. ఒకదాని మీద ఒకటి పరిచి అంటించడం సులువే గానీ, ఆ రెండు పొరల మధ్య నీళ్ళు చేరతాయి. మాది జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన కురిసే కొండ. పాత బండ్లలో తుప్పు మొదలయ్యేది ఎప్పుడూ రెండు రేకులు కలిసే చోటే.

ముడుచుకోవడానికి విరుద్ధమైన సమస్య కూడా ఉంటుంది. రేకు మరీ సాగిపోతే వేలితో నొక్కినప్పుడు టిక్కుమని లోపలికి, వదిలితే టక్కుమని బయటికి వస్తుంది. కుర్రాడికి ఆ చప్పుడు భలే ఇష్టం. రూపాయి బిళ్ళంత చోటును ఎర్రగా కాల్చి, చుట్టూ సుత్తితో తట్టి, తడిగుడ్డ అద్దితే చప్పుడు పోతుంది. మొదటిసారి చూసినప్పుడు “ఏం చేసినవ్ కాకా?” అని నా చెయ్యి పట్టుకుని అడిగాడు. చేసిందల్లా, ఇందాక పలకను వంకర చేసిన వేడినే కావలసిన చోట వాడుకోవడం.

తలుపు బందులు, గొళ్ళేలు, బోల్టుల లాంటి చిన్న సామానుకి సుత్తి అక్కర్లేదు. పశువుల దాణాలో కలిపే మొలాసిస్ ఒక వంతు, నీళ్ళు తొమ్మిది వంతులు కలిపి డ్రమ్ములో వేసి మరిచిపోవాలి. రెండు మూడు వారాల్లో తుప్పు దానంతటదే వదులుతుంది, మంచి ఇనుముకు పెద్దగా నష్టం ఉండదు. అల్యూమినియం ముక్కలు మాత్రం అందులో వేయకూడదు. వాసన సంగతి మా ఇంటావిడను అడగాలి. తొందరగా కావాలంటే వాషింగ్ సోడా నీళ్ళలో బ్యాటరీ చార్జర్ పెట్టవచ్చు. మైనస్ తీగ తుప్పు పట్టిన సామానుకి, ప్లస్ తీగ పనికిరాని ఇనప ముక్కకి. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయాలి. స్టీలు గిన్నె ముక్కను ప్లస్‌కు తగిలించకూడదు, అందులోని క్రోమియం విషంగా మారి నీళ్ళలో చేరుతుంది. ఇంకో మాట, పాత డీజిల్ ట్యాంకు ఖాళీగానే ఉంది కదా అని మంట దగ్గరికి తేవద్దు. మండేది ఆవిరి, ఖాళీ ట్యాంకు నిండా ఉండేది అదే.

తలుపు లోపలివైపు పిడి ఒకటి లేదు. దాన్ని ఆదిలాబాద్ వైపు ఉషేగావ్‌లో ఓజా పోతపనివాళ్ళ దగ్గర పోత పోయించుకొచ్చాను. వాళ్ళ డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మట్టి దిమ్మ మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్ళీ మట్టి పూసి కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. దేవతల బొమ్మలు, గోండుల పండుగ సామాను చేసే చేతులవి. మోటారు పిడి అడిగితే నవ్వారు గానీ చేసిచ్చారు. ఇత్తడి చల్లారితే వందకు ఒకటిన్నర వంతు ముడుచుకుంటుంది కాబట్టి పిడి కంత కాస్త చిన్నదైంది, ఆకురాయితో సరిపోయింది. దాని మీద మైనపు తీగల గీతలు అలాగే ఉన్నాయి. ఏ ఎఫ్‌సీకీ అలాంటి పిడి ఉండదు. మా అల్లుడు కూడా దీని మీద మాత్రం నోరెత్తలేదు.

అతనితో గొడవంతా డాలా మీది జాలీ గురించే. పత్తి తేలిక, చోటు ఎక్కువ కావాలి. అందుకని పాత యజమాని డాలా మీద నిలువెత్తు యాంగిల్ ఫ్రేము లేపి, జాలీ కొట్టించి, జిన్నింగ్ మిల్లుకు పత్తి తోలాడు. అల్లుడు పీకేయమంటాడు. చివరికి డాలా నాలుగు మూలలా గట్టి పాకెట్లు వెల్డ్ చేసి, ఫ్రేమును బోల్టులతో బిగేట్టు మార్చాను. కావాలంటే ఎక్కుతుంది, వద్దంటే దిగుతుంది.

రోడ్డు సంగతి అడుగుతారు అందరూ. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నంబరు పెట్టింది. యాభై ఏళ్ళు దాటి ఉండాలి, రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ళ తర్వాత మళ్ళీ చేయించడానికి 5,000. చదివి సంబరపడ్డాను గానీ, అది టూ వీలర్లకూ, ప్రయాణికుల కార్లకూ మాత్రమే. పైగా చాసీ, బాడీ, ఇంజిన్ మార్చి ఉండకూడదు. సరుకుల బండికి, అందులోనూ ట్రాక్టర్ ఇంజిన్ బండికి అందులో చోటు లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం చేసిన మార్పులన్నీ కాగితాల్లోకి ఎక్కాలి, సరుకుల బండి కాబట్టి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. అది తేలేదాకా ఇది చేను గట్టు దాటదు. ఇంత మంచి బండికి అంత చిన్న లోకమా అని అనిపిస్తుంది. కానీ ఆ బ్రేకులతో ఘాట్ ఎక్కించడానికి నేనే ఇంకా సిద్ధంగా లేను.

రంగు కూడా మిగిలే ఉంది. రెడాక్సైడ్ ఒక్కటే కొట్టి వదిలేస్తే అది తేమ పీలుస్తుంది కాబట్టి, వాన మొదలయ్యేలోగా పై రంగు పడాలి. అడుగున కనిపించిన ఆకుపచ్చే వేద్దామనుకుంటున్నాను. కుడి తలుపు పని అలాగే ఉండిపోయింది. ఇంట్లో గ్యాస్ సెట్టు ఉందని ఊరికి తెలిశాక, పొద్దున్నే ఎవరో ఒకరు నాగలి కర్రో, విరిగిన సైకిల్ ఫ్రేమో పట్టుకుని గేటు దగ్గర నిలబడుతున్నారు. కర్రు కాదనలేం కదా, దుక్కి రోజులు.