జర్మన్ ఏస్‌లు సరే, మన హైదరాబాద్ ఫైటర్ పైలట్ తెలుసా? | ఇద్రిస్ హసన్ లతీఫ్

పోయిన వీడియోలో జర్మన్ పైలట్ ఎరిక్ హార్ట్‌మన్ గురించి చెప్పుకున్నం కదా, 352 విమానాలు కూల్చినోడు. కింద కామెంట్లలో చాలామంది అడిగిన్రు, "అన్నా, మన దగ్గర అసొంటోళ్ళు లేరా?" అని. ఉన్నరు. కానీ స్కోర్ చూసి వెతికితే దొరకరు.

ఎందుకంటే పని వేరే. జర్మనీ తన పైలట్లను చచ్చేదాకనో, ఓడిపోయేదాకనో ఎగరేసింది. హార్ట్‌మన్ ఒక్కడే 1,400 మిషన్లు చేసిండు. బర్మాలో మన స్క్వాడ్రన్ల డ్యూటీ ఎక్కువగా అడవి మీద కిందికి ఎగురుకుంటూ జపాన్ సైన్యం ఎక్కడుందో చూసి చెప్పుడు, ఫొటోలు తీసుడు, నేల మీద టార్గెట్లను కొట్టుడు. కింద నుంచి తూటా తగిలితే పారాచూట్ తెరుచుకునే ఎత్తు కూడా ఉండదు. దానికి స్కోర్‌బోర్డ్ లేదు.

ఆ పని చేసినోళ్ళలో ఒకరు ఇద్రిస్ హసన్ లతీఫ్. 1923లో హైదరాబాద్‌లో పుట్టిన్రు, నిజాం కాలేజీ స్టూడెంట్. 1942లో ఎయిర్‌ఫోర్స్‌లో చేరేనాటికి వయసు 18. మొదట కరాచీలో పాత రెండు రెక్కల విమానాలు, తర్వాత బ్రిటన్ వెళ్ళి హరికేన్, స్పిట్‌ఫైర్ ట్రైనింగ్, 1944లో వాపస్ వచ్చి బర్మా ఫ్రంట్.

అప్పట్లో బ్రిటన్‌లో 152 స్క్వాడ్రన్ పేరే 'హైదరాబాద్ స్క్వాడ్రన్'. నిజాం ఇచ్చిన పైసలకు ఆ పేరు, బ్యాడ్జ్ మీద నిజాం తలపాగా. 1940లో అది జర్మన్లతో కొట్లాడింది. ఆ పైసల్లో మన బోథ్ రైతు కట్టిన శిస్తు కూడా ఉండొచ్చు, ఎవరికెరుక!

అసలు పరీక్ష 1947లో వచ్చింది. బర్మాలో కలిసి పనిచేసిన అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ ఇద్దరూ పాకిస్తాన్ ఎయిర్‌ఫోర్స్‌కు రమ్మని పిలిచిన్రు. గమనించండి, ఆ ఆగస్టు 15న హైదరాబాద్ ఇండియాలో లేదు, మన బోథ్ కూడా లేదు. 1948 సెప్టెంబర్ దాకా నిజాం రాజ్యమే. అంటే సొంతూరు ఇంకా కలవని దేశాన్ని ఎంచుకున్నరు. మతం వేరు, దేశం వేరు అని దోస్తులకు చెప్పేసిన్రు.

తర్వాత ఆ ఇద్దరూ పాకిస్తాన్ ఎయిర్‌ఫోర్స్ చీఫ్‌లు అయిన్రు. ఈయన 1978లో మన చీఫ్ అయిన్రు. గంటకు 540 కిలోమీటర్ల హరికేన్‌తో యుద్ధం చేసిన మనిషి, 1981లో రిటైర్ అయ్యే ముందు 3,000 దాకా పోయే మిగ్-25 ఎక్కి ఎగిరొచ్చిన్రు.