ఒకే పోలిక బూజులు: గోధుమ తగాదా తేల్చే ప్రతిరక్షకాలు

గోధుమ గింజ ఒక కొస నల్లగా మాడినట్లుండి, నలిపితే మసిలాంటి పొడి రాలి, కుళ్లిన చేపల వాసన కొడితే అది కర్నాల్ బంటు తెగులు. నాటి పంజాబులోని, నేటి హర్యానాలోని కర్నాల్‌లో ఈ తెగులు ఉన్నట్లు 1931లో మిత్రా అనే శాస్త్రజ్ఞుడు వెల్లడించారు. ఊరి పేరే తెగులుకు స్థిరపడింది. దిగుబడిలో నష్టం సాధారణంగా పెద్దగా ఉండదు. కాని నూటికి మూడు గింజలకు మించి తెగులు సోకితే పిండి వాసన వేసి రొట్టె నోట పెట్టబుద్ధి కాదు. అంతకంటే పెద్ద చిక్కు ఎగుమతిలో ఉంది. ఈ తెగులున్న గోధుమను చాలా దేశాలు తమ గడప తొక్కనివ్వవు.

గింజలు కంటికి శుభ్రంగానే ఉన్నా వాటిపై తెగులు బీజాలు అంటుకుని ఉండవచ్చు. అందుకని గింజలు కడిగిన నీటిని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తారు. తగాదా అక్కడే మొదలవుతుంది. ఈ బూజుకు దాయాదులున్నాయి. ఒకటి వరి గింజలో నల్లపొడి నింపేది (మన రైతులు వరి కంకిపై చూసే పసుపుపచ్చ ముద్దల మానిపండు తెగులు ఇది కాదు, దాని బూజు వేరు). రెండోది రైగ్రాస్ అనే గడ్డికి పట్టేది. కర్నాల్ బంటు బీజం 24 నుంచి 47 మైక్రానులుంటే, గడ్డి బూజు బీజం 23 నుంచి 45 మైక్రానులు. వెయ్యి మైక్రానులు కలిస్తే ఒక మిల్లీమీటరు. ఇక కొలత చూసి ఏది ఏదో చెప్పేదెట్లా? పైగా ఉత్తరాదిన వరి కోసిన మళ్లలోనే గోధుమ చల్లుతారు. అదే కోత యంత్రం, అదే గోతాం, అదే లారీ. వరి బూజు గోధుమలో కలవడంలో వింత లేదు.

ఈ పోలిక ఎంత పని చేస్తుందో అమెరికాలో తెలిసింది. 1996 మార్చిలో ఆరిజోనా గోధుమ విత్తనాల్లో కర్నాల్ బంటు బయటపడగానే ప్రభుత్వం ఆంక్షలు పెట్టి, దేశమంతటా పంటను పరీక్షింపజేసింది. ఎక్కడో దూరాన ఉన్న ఆగ్నేయ రాష్ట్రాల గోధుమలోనూ అటువంటి బీజాలే కనిపించాయి. తెగులు గోధుమ గింజ మాత్రం అక్కడ ఒక్కటీ దొరకలేదు. తీరా చూస్తే అవి చేలో కలుపుగా మొలిచిన రైగ్రాస్‌వి. ఆ బూజు వేరే జాతి అని 1999లో కాసిల్‌బరీ, కారిస్ అనే శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అందాకా గడ్డి తెగులు నింద గోధుమ రైతు మోశాడు.

కంటికి అందని తేడాను పట్టడానికి శాస్త్రజ్ఞులు ప్రతిరక్షకాల వైపు చూశారు. శరీరంలోకి పరాయి పదార్థం చేరితే దానిని గుర్తుపట్టి అంటుకునే మాంసకృత్తులు రక్తంలో పుడతాయి. అవే ప్రతిరక్షకాలు. రక్తం గ్రూపు పరీక్షలో చుక్క మందు వేస్తే కొందరి రక్తం ముద్ద కడుతుంది, కొందరిది కట్టదు. ఆ మందులో ఉండేవీ ఇవే. చూపుకు ఇద్దరి రక్తమూ ఎరుపే గదా! అదే కిటుకుతో తెగులు బీజాల సారాన్ని కుందేలుకు సూదిమందుగా ఇచ్చి, దాని రక్తం నుంచి ప్రతిరక్షకాలు తీస్తారు. వాటికి రంగునో, మెరిసే పదార్థాన్నో తగిలిస్తే అవి అంటుకున్న బీజం ఇట్టే తెలిసిపోతుంది.

పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు 1998లో ఇంకా సులువైన పద్ధతి ప్రకటించారు. గింజలను ప్రత్యేకమైన కాగితంపై ఉంచి, ప్రతిరక్షకాలతో కడిగి రంగు తేలేట్లు చేస్తే, తెగులు సోకిన గింజ ఉన్నచోట అచ్చు పడుతుంది. బీజాల డి.ఎన్.ఏ. పరీక్షకైతే సాధారణంగా వాటిని ముందు మొలకెత్తించాలి. దానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. లారీ అన్నాళ్లు ఆగితే బాడుగ ఎవరిస్తారు?

అయితే ప్రతిరక్షకం మాటే తుది తీర్పు కాదు. దాయాదుల పైపొర చాలావరకు ఒకటే కనుక కుందేలు ప్రతిరక్షకాలు ఒక్కోసారి వరి బూజుకూ, గడ్డి బూజుకూ కూడా అంటుకుంటాయి. దాయాదులకు అంటుకునే వాటిని ముందుగా ఆ బీజాలతోనే కలిపి తీసివేయాలి, లేదా ఒకే గుర్తును పట్టే ఏకరకపు ప్రతిరక్షకాలను తయారు చేసుకోవాలి. మందుతో చచ్చిన బీజానికీ, బతికున్న బీజానికీ తేడా కూడా ఈ పరీక్ష చెప్పలేదు. అందుకే ముందు ప్రతిరక్షకాలతో వడపోసి, అనుమానం మిగిలిన వాటినే డి.ఎన్.ఏ. పరీక్షకు పంపడం మేలు. అమెరికా కూడా తరువాత పద్ధతి మార్చుకుంది. బీజాలు కనిపించినంత మాత్రాన కాక, తెగులు గింజ దొరికితేనే పొలంపై ఆంక్ష పెట్టసాగింది.