వామనగుంటలు – జావా పాఠము

అన్నవరము రత్నగిరిమీద సత్యనారాయణస్వామి వ్రతములు సామూహికముగా జరుగుట శ్రోతలలో పెక్కుమంది చూచియే యుందురు. దంపతులు వరుసలు తీరి కూర్చుందురు. పురోహితుడు చెప్పుచుండగా అందరును ఒక్కసారిగా అక్షతలు వేయుదురు, పుష్పము సమర్పింతురు. "అక్షతలు వేయండి" అని ఆయన అన్నప్పుడు ఎన్ని గింజలు, ఏ చేతితో, ఎచ్చట అని ఎవరును అడుగరు. తరతరముల అలవాటు ఆ చెప్పని మాటలను పూరించును. కంప్యూటరునకు అట్టి అలవాటు లేదు. దానికి లెక్క, చోటు, వరుస, ఎప్పుడు ఆపవలెనో కూడ చెప్పవలెను. ఇట్లు ఏమియు విడువక వరుసగా చెప్పిన ఆదేశముల పట్టికనే ప్రోగ్రాము అందురు.

కాకినాడలో 1946లో నెలకొనిన ఇంజనీరింగు కళాశాల 2008లో విశ్వవిద్యాలయమైనది. ఆ నగరము పేరిటనే 2022లో ఏర్పడిన జిల్లాలో అన్నవరము చేరియున్నది. ఈ ప్రాంతమున కంప్యూటరు విద్య నభ్యసించు పిల్లలు లేని వీధి నేడు అరుదు. వారిలో అనేకులు జావా అను భాషను నేర్చుకొనుచు, అభ్యాసము కొరకు ఒక చిన్న ఆటను వ్రాయ బూనుదురు. రెండు దినములు ఉత్సాహముగా సాగును. మూడవ దినమున ఎచ్చటనో ఆగిపోవును. అప్పుడు ఎవరి నడుగవలెను? ఎట్లడుగవలెను? ఈ ప్రశ్నలకే మేమిచ్చట సమాధానము చెప్పదలచినాము.

ముందుగా జావా సంగతి. 1991లో అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో జేమ్స్ గోస్లింగ్, ఆయన సహచరులు దీనికి శ్రీకారము చుట్టిరి. టెలివిజను మొదలైన గృహోపకరణములను నడపుట వారి తొలి ఉద్దేశము. 1995లో ఇది లోకమునకు వెల్లడియైనది. 2010లో ఆ సంస్థ ఒరాకిల్ వారి వశమైనది. జావాలో వ్రాసిన ప్రోగ్రాము మొదట బైట్‌కోడ్ అను మధ్యరూపమునకు మారును. ప్రతి కంప్యూటరులోను జావా వర్చువల్ మెషీన్ అను సాధనము దానిని చదివి నడపును. ఒకే ప్రసారమును వేర్వేరు తయారీల రేడియో సెట్లు వినిపించునట్లు, ఒకే ప్రోగ్రాము వేర్వేరు యంత్రములపై నడచును.

ఇక ఆట. మన ఇండ్లలోని వామనగుంటల పీటనే తీసికొందము. రెండు వరుసలు, వరుసకు ఏడు చొప్పున పదునాలుగు గుంటలు. గుంటకు ఐదు చింతగింజల వంతున మొత్తము 70 గింజలు. ఆడువారు తమ వైపు గుంటలలో ఒకదానిలోని గింజలన్నియు తీసి, తరువాతి గుంటలలో ఒక్కొక్కటిగా పంచుకొని పోవుదురు. చేతిలోనివి అయిపోగానే ఆ పక్క గుంటలోనివి తీసి మరల పంచుదురు. పక్క గుంట ఖాళీయైనచో దాని అవతలి గుంటలోని గింజలు వారి గెలుపు.

ఇది ఒక పద్ధతి. ఇంటింటికి నియమములలో కొంత భేదము కలదు. గెలిచిన తరువాత ఆట అతనిదేనా, ఎదుటివారిదా? వరుసగా రెండు గుంటలు ఖాళీయైనచో ఏమి చేయవలెను? పిల్లవాడు ఈ సంగతులను తేల్చుకొనకయే జావా వ్రాయ నారంభించును. అతడు చిక్కుకొనిన చోటు అనేక పర్యాయములు జావాలో ఉండదు, ఆటలోనే ఉండును.

నియమములు తేలిన పిదప కలుగు చిక్కులు మూడు విధములు. మొదటిది వ్రాతలోని దోషము. వాక్యము చివర ఉండవలసిన సెమికోలను మరచినను, తెరచిన బ్రాకెట్టును మూయకున్నను యంత్రము ప్రోగ్రామును అంగీకరింపదు. ఏ పంక్తిలో తప్పు కనిపించినదో అదియే చెప్పును గనుక దీనికి భయపడ నక్కరలేదు. అయితే అసలు లోపము ఒక్కొక్కప్పుడు ఆ పంక్తికి పైనే ఉండును.

రెండవది నడక మధ్యలో ఆగుట. పదునాలుగు గుంటల లెక్కలను వరుసగా దాచుకొనుటకు జావాలో అర్రే అను ఏర్పాటు కలదు. అందు మొదటి గుంట సంఖ్య ఒకటి కాదు, సున్న, చివరిది 13. గింజలు పంచు దారి ననుసరించి క్రింది వరుసకు ఎడమనుండి కుడికి 0 మొదలు 6 వరకు, పై వరుసకు కుడినుండి ఎడమకు 7 మొదలు 13 వరకు సంఖ్యలు వేయవలెను. తరువాతి గుంటకు పోవుటకు ఒకటి కూడిన చాలునని పిల్లవాడు తలచును. పదమూడవ సంఖ్య గుంట దాటగానే ప్రోగ్రాము ఆగి, "ఇండెక్స్ 14 అవుట్ ఆఫ్ బౌండ్స్ ఫర్ లెంగ్త్ 14" అను వాక్యము తెరపై కనబడును. అనగా "ఉన్నవి పదునాలుగు గుంటలు; నీవు కోరిన 14వ సంఖ్య గుంట లేదు" అని అర్థము. ఒకటి కూడిన పిదప 14చే భాగించి శేషము తీసికొనినచో చిక్కు విడిపోవును. 14కు శేషము సున్న గనుక చేయి మరల మొదటి గుంటకు వచ్చును. జావాలో శేషమునకు శాతపు గుర్తును వాడుదురు.

మూడవది అన్నిటికంటె కఠినము. ప్రోగ్రాము ఆగదు, ఫిర్యాదు చేయదు. ఆట మాత్రము తప్పుగా సాగును. దీనికి మన పెద్దల అలవాటే మందు: గింజలు లెక్కపెట్టుట. ప్రతి ఎత్తు ముగియగానే గుంటలలోనివి, గెలిచినవి కలిపి మొత్తము చూపునట్లు ప్రోగ్రాములో ఒక పంక్తి చేర్చవలెను. అది ఎల్లప్పుడును 70 కావలెను. తొలి ఎత్తుననే 75 అయినచో అధికమైన ఐదు గింజలు ఎక్కడివి? మనము గుంటలోని గింజలు తీయగానే గుంట దానంతట ఖాళీ యగును. యంత్రమునకు తీయుట అనగా లెక్క చూచి వేరొకచోట వ్రాసికొనుటయే. ఆ గుంటలో సున్న వేయుమని ప్రత్యేకముగా చెప్పవలెను. అది చెప్పనందున పాత గింజలును, పంచిన గింజలును రెండును నిలిచినవి.

ఇప్పుడు సహాయము మాట. "నా ఆట పనిచేయుట లేదు, సరిచేయండి" అని అడిగినచో ఎంతటి నిపుణుడును ఏమి చెప్పగలడు? జ్వరమని చెప్పక "బాగులేదు" అని మాత్రమే చెప్పు రోగికి వైద్యుడేమి చేయును? అడుగువారు నాలుగు సంగతులు చెప్పవలెను: ఏమి జరుగవలెనని తలచితిరి, ఏమి జరిగినది, యంత్రము ఏ మాట చెప్పినది, ఇంతవరకు మీరేమి చేసి చూచితిరి. యంత్రము మాటను ఉన్నదున్నట్లు వ్రాయవలెను. ప్రోగ్రామంతయు పంపక, చిక్కు కలిగించు కొద్ది పంక్తులను వేరుచేసి చూపవలెను. ఇట్లు వేరుచేయుచుండగనే తప్పు కనబడి, ప్రశ్న పంపనక్కరలేకుండ పోవుట కూడ కలదు.

సహాయము చేయువారికిని ఒక ధర్మమున్నది. నేడు అడిగిన క్షణముననే ప్రోగ్రామంతయు వ్రాసియిచ్చు కృత్రిమ మేధా సాధనములు వచ్చినవి. దయతో వ్రాసిపెట్టు మిత్రులు ఏనాడును ఉన్నారు. ఆ ప్రోగ్రాముతో మార్కులు రావచ్చును. మౌఖిక పరీక్షలో "ఇచ్చట 14 ఎందుకు?" అని అడిగినప్పుడు నోరు పెగలదు. ఉద్యోగపు ఇంటర్వ్యూలోను అంతే. అంతకంటె పెద్ద నష్టము వేరొకటి: "ఇది నాకు రాదు" అన్న అధైర్యము ఆ పిల్లవానిలో పాతుకొనును. కావున జవాబును గాక, తరువాతి ప్రశ్నను అందించుటయే మేలైన సహాయము. "గింజలు లెక్కపెట్టితివా?" అను ఒక్క మాట పూర్తి ప్రోగ్రాముకంటె విలువైనది.

మరియొక హెచ్చరిక. పాత పుస్తకములలో ఆటలను అప్లెట్ అను పద్ధతిలో, బ్రౌజరులో నడచునట్లు వ్రాయించుట కలదు. 2017లో వెలువడిన జావా తొమ్మిదవ రూపములోనే ఆ పద్ధతిని వదలివేయదగినదిగా ప్రకటించిరి. ఆ పాఠము పనిచేయనిచో తప్పు విద్యార్థిది కాదు. బొమ్మలు, రంగులు తరువాతి మాట. మొదట పదునాలుగు అంకెలు తెరపై సరిగా మారినచో చాలును.

ఇంటిలో జావా తెలిసినవారు లేరని తలిదండ్రులు చింతింప నక్కరలేదు. వామనగుంటలు తెలిసిన అమ్మమ్మ ఉన్నచో తొలి గురువు ఉన్నట్లే. పిల్లవానిని పిలిచి, "ఈ ఆట ఏమియు తెలియని వానికి చెప్పినట్లు నాకు చెప్పుము" అనుడు. అతడు చెప్పినంత మాత్రమే చేయుడు, చెప్పనిది చేయకుడు. మీ చేయి ఎచ్చట ఆగిపోవునో, అచ్చటనే అతని ప్రోగ్రాములో ఒక పంక్తి కొరవడినదని గ్రహింపవచ్చును.