రంపపుబల్లయు కరెంటు రాకపోకలును

ఇంటి వెనుక వసారాలోనో, కారు నిలుపుకొను షెడ్డులో ఒక మూలనో చిన్న పనిశాల నేర్పరచుకొని, సెలవుదినములందు పుస్తకాల బీరువానో పిల్లల చదువుబల్లనో స్వహస్తములతో తయారుచేసికొనవలెనను ఉత్సాహము మన గృహస్థులలో కొందరికి కలదు. అది మిక్కిలి మెచ్చదగిన అభిరుచి. అయితే చేతిరంపముతోను చిత్రికతోను తృప్తిపడక, బల్ల నడుమనున్న చీలికలోనుండి గుండ్రని బ్లేడు పైకి లేచి తిరుగునట్టి రంపపుబల్లను, అనగా దుకాణములలో టేబుల్ సా అను పేర అమ్మబడు యంత్రమును, ఇంటికి తెచ్చుకొన్ననాడు ఆ గృహస్థుని బాధ్యత వెనుకటివలె ఉండదు. 10 అంగుళముల బ్లేడు నిమిషమునకు 4000 చుట్లు తిరుగునప్పుడు దాని పండ్లు సెకనుకు సుమారు 53 మీటర్ల వేగముతో, గంటకు 190 కిలోమీటర్లకు తక్కువగాక, మన చేతివ్రేళ్లకు జానెడు దూరమున పరుగిడుచుండును.

ఆ వేగమును కన్నులార చూచినవాడు జాగ్రత్తపడకపోడు. కనుక తిరుగుచున్న బ్లేడుకంటె నిలిచిపోయిన బ్లేడే మన దేశములో ఎక్కువ భయపడదగినదని నా దృఢమైన అభిప్రాయము. పలక సగము కోయబడియుండగా కరెంటు పోవును, బ్లేడు మెల్లగా నిలిచిపోవును, మోత అణగిపోవును. స్విచ్చి మాత్రము వేసినది వేసినట్లే ఉండును. పనిచేయువాడు, ఇక ఏమున్నదియని, ఇరుకుకొన్న పలకను ఊడదీయుటకో, చీలికలో నిండిన పొట్టును వ్రేలితో దులుపుటకో వంగును. సరిగా ఆ క్షణముననే ఎక్కడో సబ్‌స్టేషనులో ఫీడరు తిరిగి కలుపబడును. సరఫరా ఎప్పుడు వచ్చునో అతనికి తెలియదు. ఇచ్చట ఒకని వ్రేళ్లు బ్లేడుపై నున్నవని కలిపినవానికి తెలియదు. మోటారు మాత్రము ఎవరి అనుమతికిని ఎదురుచూడక పూర్తి వేగమందుకొనును.

దీనికి విరుగుడు మన రైతులకు చిరపరిచితమైనదే. బావి మోటారుకు ఆకుపచ్చ, ఎఱ్ఱ బొత్తాములతో గోడకు బిగింపబడు స్టార్టరులో ఒక తీగచుట్ట ఉండును. కరెంటు ఉన్నంతసేపు అది అయస్కాంతమై లోపలి కాంటాక్టులను పట్టియుంచును. కరెంటు పోయిన మరుక్షణము ఆ పట్టు వదలును. పిమ్మట సరఫరా వచ్చినను, మనుష్యుడు మరల ఆకుపచ్చ బొత్తామును నొక్కువరకు మోటారు కదలదు. రంపపుబల్లకు కావలసినది సరిగా ఇట్టి స్విచ్చియే. మంచి యంత్రములకు ఇది ముందే అమర్చబడియుండును. లేనిచో ఎలక్ట్రీషియనుచేత ప్రత్యేకముగా పెట్టించుకొనవలెను. అయితే పొలమునుండి తెచ్చిన మూడు ఫేజుల స్టార్టరు ఇంటి సింగిల్ ఫేజుకు పనికిరాదు. దాని చుట్ట 415 వోల్టులకు చుట్టబడినదైనచో 230 వోల్టులకు పట్టు నిలుపుకొనదు. ఇక కరెంటు రాగానే తనంతట మోటారును నడుపు ఆటో స్టార్టరు, రాత్రివేళ వచ్చు కరెంటుకై రైతు మేలుకొనియుండనక్కరలేకుండ పుట్టినది. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల సరఫరా మొదలైనపుడు, భూగర్భజలము వృథాగా తోడబడునని వానిని తొలగింపుమని ప్రభుత్వమే రైతులను కోరినది. బావిదగ్గర దానివలన నీరు వృథాయగును. రంపముదగ్గర నైనచో చేతులే పోవును.

మన వడ్రంగులలో విరివిగా కానవచ్చు మరియొక పద్ధతిని గూర్చి ఈ సందర్భముననే చెప్పవలసియున్నది. రాతిపలకలు కోయు చిన్న కట్టరును తలక్రిందులుగా ప్లైవుడ్ బల్లక్రింద బిగించి, దాని మీటను తీగతో కట్టివేసి, కలప కోయు బ్లేడును తొడిగి, అదియే రంపపుబల్లయని వాడుదురు. పొట్టకూటికై నిత్యము పనిచేయువారి యుక్తిని నేను తక్కువచేయను. కాని ఆ కట్టరులు నిమిషమునకు 12,000 చుట్లకు పైబడి తిరుగునవి. తొడిగిన బ్లేడుపై ముద్రింపబడిన గరిష్ఠవేగము అంతకు తక్కువైనచో దాని పండ్లు ఊడి ముఖముపైకి రాగలవు. మీటను కట్టివేయుటచేత పైన చెప్పిన కరెంటు గండము సంపూర్ణముగా సిద్ధించును. ఇంటిలో అభిరుచికై పనిచేయువానికి ఈ సాహసముతో ఏమి ప్రయోజనము?

యంత్రమునకు కరెంటు అందించు మార్గము కూడ విచారింపదగినది. 2 హార్స్‌పవరుల సింగిల్ ఫేజు మోటారు నిండు పనిలో సుమారు 10 ఆంపియర్లు తీసికొనును. బయలుదేరు క్షణమున దానికి ఐదారు రెట్లు లాగును. కనుక ఫ్యానులకు, దీపములకు ఉద్దేశింపబడిన 6 ఆంపియర్ల సాకెట్టు దీనికి తగదు. మెయిన్ బోర్డునుండి ప్రత్యేకముగా లాగిన లైను, 16 ఆంపియర్ల సాకెట్టు, మోటారులకు తగిన సి రకపు ఎం.సి.బి. ఉండవలెను. పొడవైన సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు చేయు చెరుపు పైకి కనబడదు. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగితీగతో చేసిన 20 మీటర్ల వైరు రానుపోను ఒక ఓము నిరోధము కలిగియుండును. 10 ఆంపియర్లు పారునప్పుడు అందులో 100 వాట్లు వేడిగా మారును. చుట్ట విప్పక వాడినచో ఆ వేడి పోవుటకు దారిలేక పైతొడుగు కరగును. మోటారు బయలుదేరునప్పుడు 40 వోల్టులవరకు ఆ తీగలోనే హరించిపోవును. మోటారు బలము వోల్టేజి వర్గమునుబట్టి తగ్గునది గనుక మిగులునది మూడింట రెండువంతులు మాత్రమే. అట్టి మోటారు కదలక మూలుగుచు వేడెక్కును. మూలుగు వినబడగానే స్విచ్చి ఆపివేయవలెను.

ఎర్తు విషయమున మన ఇండ్లలో ఒక ప్రమాదకరమైన నిశ్చింత యున్నది. పెరటిలో గొట్టము పాతి ఉప్పు, బొగ్గు వేసినాము గదా, షాకు కొట్టిన ఎం.సి.బి. పడిపోవునని నమ్ముదురు. వేసవిలో ఎండిన నేలయందు ఆ గొట్టపు నిరోధము 20 ఓములున్నదనుకొందము. మోటారు లోపలి ఇన్సులేషను చెడి ఇనుప బల్లకు ఫేజు తగిలినప్పుడు భూమిలోనికి పారునది 230ని 20చే భాగింపగా వచ్చు పదకొండున్నర ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎం.సి.బి. దీనిని మామూలు పనిగానే భావించి ఊరకుండును. ఇనుప బల్ల కరెంటుతో నిండి, తాకువానికై అట్లే నిలిచియుండును. మనిషి ప్రాణము తీయుటకు ఆంపియరులో పదియవ వంతు చాలును. కావున 30 మిల్లీ ఆంపియర్ల తేడానే గుర్తించి లైను తెంచివేయు ఆర్.సి.సి.బి. ఈ లైనుకు తప్పనిసరి. దానిపైనున్న టెస్టు బొత్తామును నెలకొకసారి నొక్కి చూడవలెను. ఎర్తు గుంటకు వేసవిలో నీరు పోయుచుండవలెను. మూడవ పిన్నును విరిచి రెండు పిన్నుల సాకెట్టులో దూర్చు అలవాటును ఇంటిలోనికి రానీయరాదు.

ఇక కోత. పలక రెండుగా చీలిన పిదప ఆ చీలిక మూసికొని బ్లేడు వెనుకభాగమును నొక్కినచో, అచ్చట పైకి లేచు పండ్లు పలకనెత్తి కోయువాని మీదికి విసరివేయును. చేయి దానితోపాటు బ్లేడుపైకి లాగబడుటయు కలదు. దీనిని అరికట్టుటకే బ్లేడు వెనుక రైవింగ్ నైఫ్ అను పలుచని ఉక్కురేకు నిలుపబడినది. అడ్డమని దానిని ఊడదీసి అటకమీద పడవేయువారిని చూచినప్పుడు నాకు నిజముగా బాధ కలుగును. బ్లేడు పలకకంటె పంటియెత్తు మాత్రమే పైకి రావలెను. కోయువాడు బ్లేడు వరుసకు ఎదురుగాగాక ఒక ప్రక్కకు నిలువవలెను. సన్నని ముక్కలను చేతితోగాక కఱ్ఱతో త్రోయవలెను. కన్నులకు అద్దములు తప్పవు. చేతితొడుగులు మాత్రము వలదు. పంటికి ఒక్క పోగు చిక్కినను చేయి మొత్తము లోనికి పోవును. వ్రేలాడు తువ్వాలునకు, లుంగీ చెరగునకు ఇదియే న్యాయము.

బ్లేడు మార్చునప్పుడు స్విచ్చి ఆపుట చాలదు. ప్లగ్గు ఊడదీసి, ఆ ప్లగ్గు కంటికి కనబడునట్లు బల్లమీదనే పెట్టుకొని పని ప్రారంభింపవలెను. పిల్లలున్న ఇంటిలో పని ముగిసిన పిమ్మట ఆ లైను ఎం.సి.బి.ని దింపి, బ్లేడును బల్లమట్టమునకు క్రిందికి దించి, షెడ్డుకు తాళము వేయవలెను.