నాలుగవ బోరు

మనస్తత్వశాస్త్రం పేరు వినగానే, ఎదుటివాని మనసులోని మాట కనిపెట్టే విద్య కాబోలునని చాలామంది అనుకొంటారు. అది పొరపాటు. ప్రాణి ఏ పరిస్థితిలో ఏమి చేస్తుందో చూచి, కొలిచి, కారణం వెదకే శాస్త్రమిది. రేడియోకు ఇది పరాయిదీ కాదు. 1935లో మైసూరులోని తన ఇంటిలో ప్రసారయంత్రం నెలకొల్పి ‘ఆకాశవాణి’ అనే పేరుతో కార్యక్రమాలు వినిపించిన ఎం. వి. గోపాలస్వామి, అక్కడి విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర ఆచార్యులే.

ఈ శాస్త్రంలోని తొలిపాఠాలను పుస్తకంలోని వరుసలో మేము చెప్పబోము. అనంతపురం సీమలో నాలుగవ బోరు వేయించబోతున్న ఒక రైతు ప్రక్కన నిలిచి చెప్పుతాము. అతనికి పేరు అక్కరలేదు. ప్రతి ఊరిలోనూ ఉన్నాడు. మొదటి బోరు రెండేండ్లు పారి ఎండినది. రెండవదానిలో దుమ్ము తప్ప ఏమీ లేవలేదు. మూడవది ఒక్క పైరును గట్టెక్కించి ఆగిపోయినది. తీర్చవలసిన అప్పు అట్లే ఉన్నది. అయినను బోరు బండికి కబురు పంపినాడు. దురాశ అని కొందరు, తెలివితక్కువ అని కొందరు అంటారు. ఆ రెండు మాటలూ మాకు సమ్మతం కావు.

ముందు నేల సంగతి చూడవలెను. నైరుతి ఋతుపవనాన్ని పడమటి కనుమలు అడ్డుకొంటవి. ఈశాన్య ఋతుపవనం తూర్పుతీరం నుండి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసిస్తుంది. ఏటి సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా ఒక ఏడు వచ్చినట్లు మరొక ఏడు రాదు. పైన పలుచని ఎర్రమన్ను, అడుగున గట్టి రాయి. నీరు నిలిచేది ఆ రాతి పగుళ్ళలోనే. పగులు తగిలినవానికి నీరు. గట్టు అవతలివానికి దుమ్ము. కష్టానికి ఫలం ఒకసారి దక్కి, ఒకసారి దక్కకపోవడమే ఈ నేల స్వభావం.

ఇప్పుడు శాస్త్రానికి వత్తాము. గంట మ్రోగగానే నోట నీరూరిన పావ్లోవ్ కుక్కను గురించి అందరూ విన్నారు. పాలచెంబు చప్పుడుకే చేపుకు వచ్చే ఆవును చూచినవారికి అది వింత కాదు. రెండు విషయాలు పదేపదే జతగా వస్తే, ఒకదానికి కలిగే స్పందన రెండవదానికీ కలుగుతుంది. దీనిని నిబంధనం అంటారు. కాని మన రైతు కథకు ఇది చాలదు.

అమెరికాలో స్కిన్నర్ అనే శాస్త్రజ్ఞుడు మీట నొక్కిన ఎలుకకు ఒక్కొక్క మేతగుళిక దొరికే పెట్టె నొకదానిని తయారుచేసినాడు. ఫలం దక్కిన పని మరల చేయబడుతుంది. దీనికి పునర్బలనం అని పేరు. ఫలం నిలిపివేస్తే ఆ పనీ క్రమంగా మానుతుంది. ఒక శనివారంనాడు గుళికల నిల్వ చూచుకొంటే, సోమవారం ప్రొద్దుటికే అయిపోయేట్లు కనబడినదట. సెలవునాడు కూర్చుండి గుళికలు చేయుటకు ఆయనకు మనసొప్పలేదు. ప్రతి నొక్కుకూ కాక అప్పుడప్పుడు మాత్రమే మేత వేయ మొదలుపెట్టినాడు. ఎలుక మానలేదు. సరికదా, మేత పూర్తిగా ఆపిన పిమ్మట కూడ చాలకాలం నొక్కుతూనే ఉండినది. మేత కరవులోనుండి పుట్టిన ఈ పరిశోధన 1957లో ఫెర్‌స్టర్‌తో కలిసి ఆయన వెలువరించిన పెద్ద గ్రంథానికి దారితీసినది. ఎల్లప్పుడూ ఫలించిన పనిని ప్రాణి త్వరగా వదలుతుంది. ఎప్పుడో ఒకప్పుడు ఫలించిన పనిని వదలడం మిక్కిలి కష్టం.

రైతును ఎలుకతో పోల్చుతున్నామని కోపగించవద్దు. జూదశాలలో కూర్చున్న ధనవంతునికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. తేడా ఏమనగా, జూదరి లేచిపోవచ్చును; చేను విడిచి రైతు ఎక్కడికి పోతాడు?

దీనికి జ్ఞాపకశక్తి ఒకటి తోడవుతుంది. అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేనంతా తిరిగి జాడ చెప్పేవారు ఈ సీమలో ఉన్నారు. టెంకాయ నిలిచినచోట నీరు పడితే ఆ కథ పది ఊళ్ళు తిరుగుతుంది. పడని బోరుకు కథ లేదు; రాయి మూసి ఇంటికి పోతారు. ఇక, మూడు పోయినవి గనుక నాలుగవది పడక తప్పదనే నమ్మకం. రాతికి మనము బాకీ లేము, అది మనకు బాకీ లేదు.

అవధానం మాటకు వస్తే తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. ఎనిమిదిమంది పృచ్ఛకులను ఒకేసారి తట్టుకొన్నవానికి శాలువ కప్పుతాము. మనసు పట్టే స్థలం కొద్ది అని తెలుసు గనుకనే కదా! విత్తనం ధర, ఎద్దుల మేత, వడ్డీ, కూతురి పెండ్లి ఒక్కసారి అడుగుతూంటే రైతు చేసేది అవధానమే. సభ మాత్రం లేదు. 2013లో ప్రచురితమైన ఒక పరిశోధనలో తమిళనాడు చెరకు రైతులను కోతకు ముందు, తరువాత పరీక్షించినారు. చేతిలో డబ్బు లేనప్పటికంటె వచ్చిన తరువాత అదే మనిషి ఆలోచన పరీక్షలలో మెరుగుగా నిలిచినాడు. ఈ ఫలితాన్ని గూర్చి పండితులలో వాదం లేకపోలేదు. అయినను, తెలివితక్కువ అనే మాటను నోట తెచ్చేముందు కొంత తడబడుటకు ఇది చాలును.

మరి ఏమి చేయవచ్చును? మందలింపు పనిచేయదు, ఎలుకను ఎవరు మందలించినారు? 2000 తరువాతి దశాబ్దంలో అనంతపురంతో సహా ఏడు కరవు జిల్లాలలో రైతులే భూగర్భజలాన్ని కొలుచుకొనే పథకమొకటి నడచినది. వానమాపకాలు పెట్టినారు, బావులలో నీటిమట్టం కొలిచినారు, ఊరికి ఉన్న నీరెంత, అనుకొన్న పంటలకు కావలసినదెంత అని అందరూ కూర్చుండి లెక్క కట్టినారు. సబ్సిడీ ఆశ చూపలేదు, బోరు వేయవద్దని శాసించలేదు. కొందరు వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మరలినారు. బోరు బండి వచ్చినరోజు మాత్రమే తెలిసే ఫలితానికి బదులు, నెలనెలా తెలిసే అంకె వారి చేతికి వచ్చినది. టెంకాయ జాడ చెప్పేవానిని ఎవరూ వెళ్ళగొట్టలేదు. అతడు వచ్చేసరికి ఊరి గోడమీద నీటిమట్టం వ్రాసి ఉండేది, అంతే.